పర్లేదుకి ఎన్ని మార్కులు

నమోదు 1

ఎర్రమిట్టలో ఎవరిదీ కాని పని ఏదైనా చివరికి సరుకుల గదికే వస్తుంది. సరుకుల గది అంటే నేనే. కిందటి ఓడకి చీపుళ్ళు ఎంచి పెట్టమన్నారు, ఈసారి ఒంటికి కట్టుకుంటే గుండె వేగం, కదలిక లెక్కపెట్టే ఒంటిపట్టీలు ఎంచమన్నారు. ఎందుకు ఎంచానో ఎప్పటికప్పుడు రాసి ఉంచమని కూడా ఊరి సంఘం వాళ్ళు అన్నారు. రేపు నచ్చకపోతే ఎవరిని తిట్టుకోవాలో అందరికీ తెలియాలి కదా, అందుకని రాస్తున్నాను. నా పేరు అమ్మాజీ.

పాత పట్టీల పని అయిపోయింది. ఎర్రదుమ్ము లోపలికి చేరి, సగంమంది రోజంతా నిద్రపోతున్నట్టూ, మిగతా సగం ఆగకుండా పరిగెడుతున్నట్టూ చూపిస్తున్నాయి. మా ఆయన వెంకటపతి పరిగెత్తేవాళ్ళలో ఉన్నాడు. ఆ మనిషిని ఎరిగినవాళ్ళెవరూ నమ్మలేదు.

భూమి నుంచి ఓడ రెండేళ్ళకోసారి వస్తుంది. పోయినసారి వచ్చింది నాలుగు రకాల నమూనాలు దించి వెళ్ళింది. వాటిలో ఒక్క రకం ఎంచి ఆర్డరు పంపితే వచ్చే ఓడలో అందరికీ అదే వస్తుంది. అప్పటిదాకా ఆ రకం నమూనాలనే వంతులు వేసుకుని కట్టుకోవాలి. బయటిపనికి ఎవరు తగినవాళ్ళో ఈసారి వాటితోనే తేల్చాలి. దుమ్ముకాలం అయిపోవస్తోంది కాబట్టి మంచు బావులకి వెళ్ళేవాళ్ళ జాబితా త్వరలో గోడకి అంటిస్తారు.

ఆ జాబితాలో తన పేరు ఉండాలని అందరికంటే ఎక్కువ కోరుకుంటున్నది మా తోడికోడలు వరాలు. మంచు బావి దగ్గర డ్రిల్లు నడిపేది. మాయదారి జ్వరమొకటి వచ్చి కిందటి సీజనంతా మంచానికి అంటుకుపోయింది. లేచాక కూరగాయల గదిలో మొక్కలకి నీళ్ళు పెట్టే పని ఇచ్చారు. ఆ పని ఆమెకి ఇష్టం లేదని మొక్కలకి కూడా తెలుసు.

పొద్దున్నే వచ్చి, "అక్కా, నమూనాలు కట్టుకోడానికి మనుషులు కావాలంటగా. నన్ను రాసుకో," అంది. రాసుకున్నాను.

నమోదు 2

నమూనాలు ఇవి. వేలికి ఉంగరం, మణికట్టుకి కడియం, మోచేతికి పైన దండచేతికి కట్టుకునే పట్టీ, ఛాతీ చుట్టూ బిగించే బెల్టు. భూమ్మీద వీటికి బారెడు బారెడు పేర్లు పెట్టారు గానీ ఇక్కడ పలికే ఓపిక ఎవరికీ లేదు.

ఇక్కడ మన బరువు భూమ్మీద బరువులో సగం కూడా ఉండదు. ఒళ్ళు కష్టం మర్చిపోయిందంటే ఎముకలు గుల్లబారతాయి. కాబట్టి రోజూ తాలింఖానాకి పోవాల్సిందే, పోకపోతే ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు. రోజూ ఒకే కసరత్తు చేస్తే ఒళ్ళు దానికీ అలవాటు పడిపోతుందని ముత్యాలరాజు మాస్టారు పూటకో రకం పెడతారు. స్ప్రింగు బరువులు, తెడ్డు యంత్రం, తాడు ఎక్కడం, దండీలు, బస్కీలు, మధ్యలో ఒకరోజు ఆసనాలు. పాత పట్టీలు కొత్తగా ఉన్నప్పుడు కూడా వాటికి నడకా పరుగూ తప్ప ఏమీ తెలియదు. తాడు పైన వేలాడుతున్నవాణ్ణి కూర్చున్నాడని రాసేవి. ఇన్ని రకాలు పోల్చుకోగలిగింది కావాలి మాకు.

మాస్టారి అభిప్రాయం అడిగాను.

"ఏది కట్టినా ఒళ్ళు అదేనండి అమ్మాజీ గారూ. నాకైతే మొహం చూస్తే తెలిసిపోద్ది," అన్నారు.

"సంఘం వాళ్ళకి మీ మొహం లెక్కలు చాలవు మాస్టారూ. అంకె కావాలి."

"అంకేనా? అయితే నన్నెందుకండీ అడగడం?" అని తాడుకి ముడి వేసుకోవడానికి వెళ్ళిపోయారు.

నమోదు 3

ఉంగరాన్ని తీసేశాను. స్ప్రింగు కడ్డీ పట్టుకుంటే వేలు నలుగుతోంది. అన్నం తినేటప్పుడు ఇంకా చిక్కు. కలిపే చేతికి ఉంగరం ఉంటే పప్పంతా దాని సందుల్లోకే పోతుంది. అందుకని తీసి పళ్ళెం అంచున పెట్టడం, పళ్ళేన్ని ఉంగరంతో సహా తొట్లో వెయ్యడం. అలా వెళ్ళిన ఒక ఉంగరం మురుగునీటి గొట్టాల్లో ఎక్కడో తిరుగుతోంది. సంకేతాలు మాత్రం చక్కగా పంపిస్తోంది. దాని లెక్క ప్రకారం ప్రస్తుతం ఎర్రమిట్టలో అందరికంటే చలాకీ అయిన మనిషి అదే.

బెల్టునీ తీసేశాను. దండీలు తీస్తుంటే నేలకి కొట్టుకుంటోంది, చెమటకి జారిపోతోంది. బయటికి వేసుకునే సూటులో అదే చోట ఇంకో బెల్టు ఉంటుంది, రెండూ ఒరుసుకుంటాయి. ఆడవాళ్ళయితే ఒక్కొక్కరే వచ్చి బెల్టు నా బల్ల మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. నేనూ కట్టుకుని చూసినదాన్నే కాబట్టి కారణం అడగలేదు.

ఇక కడియం, దండపట్టీ మిగిలాయి. ఒక్కో మనిషికి రెండూ ఒకేసారి కట్టించి పోల్చి చూస్తున్నాను.

నమోదు 5

దండపట్టీ తెలివైంది. బస్కీ ఏదో, దండీ ఏదో, తాడు ఎక్కడమేదో, దిగడమేదో దానికి తెలుసు. ఆసనం వేసి కదలకుండా ఉంటే పాతవాటిలా నిద్ర అనుకోదు. కడియానికి అంత బుర్ర లేదు. అన్నం కలుపుతుంటే తెడ్డు యంత్రం మీద ఉన్నామనుకుంటోంది. పచ్చడి అన్నం గట్టిగా పిసికి కలిపేవాళ్ళకి ఇంకా ఎక్కువ మార్కులు వేస్తోంది. మధ్యాహ్నం భోజనం కాగానే వెంకటపతికి దాన్నుంచి అభినందనలు వచ్చాయి. ఆయన ఆ సంగతి అందరికీ చూపించుకు తిరిగాడు.

దండపట్టీకి ఇంకో సుగుణం ఉంది. కసరత్తు అవగానే, "ఎలా ఉందండీ?" అని తెలుగులో అడుగుతుంది. గొంతు కూడా మర్యాదగా ఉంటుంది, కొత్తగా పెళ్ళైనవాళ్ళ ఇంటికి వచ్చిన పక్కింటావిడలాగా. మనం చెప్పిన జవాబునీ గుండె వేగాన్నీ కలిపి మార్కు వేస్తుంది. మర్నాటికి స్ప్రింగు ఏ మెట్టులో పెట్టాలో కూడా అదే చెబుతుంది.

వారం గడిచేసరికి అందరికంటే పైన ఉన్న పేరు వరాలుది. పెద్ద బరువు లాగుతున్నా ఆమె గుండె నింపాదిగా కొట్టుకుంటోంది. దండపట్టీ దాన్ని మెచ్చుకుంటూ మెట్లు పెంచుతోంది. ఆమెకి చెబితే నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. నాకూ సంతోషమేసింది. చిత్తులో 'దండపట్టీ' అని రాసి పెట్టుకున్నాను.

నమోదు 8

చిత్తు కొట్టేశాను.

మాస్టారు వచ్చి, "ఇదేదో తేడాగా ఉందండి. పాపలకి పెట్టినట్టు అందరికీ కూరి కూరి పెడతాంది. నిన్న మీ ఆయన కడ్డీ కింద ఇరుక్కుపోతే ఇద్దరం లాగాం," అన్నారు.

వెంకటపతి ఈ మాట ఇంట్లో చెప్పలేదు. పట్టీలో ఆయన జవాబు తీసి విన్నాను. వెనకాల మాస్టారు పెట్టిన కేక వినిపిస్తోంది, పట్టీ "ఎలా ఉందండీ?" అంటోంది, ఈయన రొప్పుతూ, "పర్లేదు," అంటున్నాడు.

అందరివీ తీసి విన్నాను. ఒకరిద్దరు తప్ప అందరూ ప్రతిరోజూ ఆ ఒక్క మాటే చెప్పారు. కాలు బెణికినావిడా పర్లేదనే అంది, అసలు కసరత్తు చెయ్యకుండా గోడకి ఆనుకుని కూర్చున్నవాడూ పర్లేదనే అన్నాడు. బాగుంటే పర్లేదు. బాగా లేకపోయినా, దాని గురించి ఎదుటివాళ్ళతో ఎత్తుకోవడం బాగుండదు కాబట్టి పర్లేదు. అడిగినందుకు థాంక్స్ అనడానికీ పర్లేదు, ఇక అడక్కు అనడానికీ పర్లేదు. నేనూ రోజుకి ఎన్నిసార్లు అంటానో చెప్పలేను. మనం విని అర్థం చేసుకుంటాం, అది ఏం చేసుకుంటుంది?

తయారుచేసినవాళ్ళకి సందేశం పంపితే సాయంత్రానికి జవాబొచ్చింది. వాళ్ళ నిఘంటువులో 'పర్లేదు' అంటే 'ఇబ్బంది లేదు' అట. ఇబ్బంది లేదంటే మెట్టు పెంచమనే కదా. తప్పు పట్టడానికేమీ లేదు, మాట ప్రకారం వాళ్ళు చేసింది సరిగ్గానే ఉంది.

మాటతో గొడవ లేకుండా అంకె చెప్పించమని మాస్టారితో అన్నాను. ఒకటి అంటే తేలిక, పది అంటే ఇక చావే. అందరూ ఐదు చెప్పారు. ఒకాయన ఐదున్నర అన్నాడు. ఆయనకి ఓర్పు తక్కువని ఆ పూటంతా చెప్పుకున్నారు.

నమోదు 11

కడియాన్ని వదిలించుకుంటే ఈ పని తేలిపోతుందనుకున్నాను. దండపట్టీలో ఆ ప్రశ్న తీయించేసి ఆర్డరు పంపితే సరి. కానీ కడియాన్ని ఎందుకు కాదన్నానో కూడా రాయాలి కాబట్టి, అది భోజనాల దగ్గర రాసిన గీతలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అన్నం కలపడం వల్ల ఎంత తప్పు లెక్క వస్తోందో చూపిద్దామని.

ఆ గీతల్లో అన్నం కలపడం కాని గీత ఒకటి కనిపించింది. నిటారుగా లేచి, పైన చదునుగా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దిగిపోతోంది. ప్రతి భోజనంలో ఒకసారి. అందరికీ ఒకేలా ఉంది. యంత్రం పాడైందేమో అనుకున్నాను.

మర్నాడు కడియం గీతలు కనిపించే తెర చేత్తో పట్టుకుని భోజనాల గదిలో కూర్చున్నాను. వడ్డించే ఆవిడ గరిటెతో వచ్చి "ఇంకొంచెం?" అంది. ఎదురుగా ఉన్నాయన "చాలు" అన్నాడు. ఆవిడ వేసేసింది. మళ్ళీ "కొంచెం?" అంది. "చాలు చాలు" అన్నాడు. అర గరిటె వేసింది. మూడోసారి ఆయన మాట్లాడలేదు, పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ పక్కమనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. తెర మీద గీత లేచింది.

పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పుకోలేదు. చాలు అన్నంత మాత్రాన చాలినట్టు కాదు, చెయ్యి అడ్డం వస్తేనే చాలినట్టు. నాకు నవ్వొచ్చింది. పక్కవాళ్ళు చూశారు.

తరవాత తాలింఖానా గీతలు తీశాను. అక్కడా అదే గీత ఉంది.

నమోదు 12

స్ప్రింగు బరువుల దగ్గర మాస్టారు మీట పట్టుకుని వెనకాల నిలబడతారు. కసరత్తు చేసేవాళ్ళు ముందుకి తిరిగి ఉంటారు. ఒక విడత కాగానే ఆయన, "ఇంకో మెట్టు పెట్టనా?" అంటారు. అచ్చంగా వడ్డించినట్టే. మూలన నిలబడి చూశాను. నోళ్ళన్నీ "పెట్టండి, పర్లేదు" అంటున్నాయి. వాళ్ళలో కొందరి కుడిచెయ్యి కడ్డీ వదిలి, నడుం దగ్గర అరచెయ్యి విప్పుకుని, అడ్డంగా ఆగి, మళ్ళీ కడ్డీ పట్టుకుంటోంది. వాళ్ళకే తెలియడం లేదు. మాస్టారికి వెనకనించి కనిపించదు. ఆయన్ని తీసుకొచ్చి పక్కన నిలబెట్టి చూపించాను. కాసేపు చూసి, మీట దగ్గరికి వెళ్ళి, నలుగురికి, వాళ్ళకి చెప్పకుండానే, మెట్టు తగ్గించేశారు.

కడియానికి కొత్త కదలికలు నేర్పొచ్చు. ఇద్దరం కూర్చుని దానికి ఆ చెయ్యి నేర్పాం. అన్నం కలపడం ఏదో కూడా నేర్పాం. దాంతో వెంకటపతికి అభినందనలు ఆగిపోయాయి.

పాత గీతలన్నీ దానికి మళ్ళీ చూపించాం. కొందరికి బరువు ఎక్కువైంది, అంతే. వాళ్ళ గుండె వేగం కూడా ఆ మాటే చెబుతోంది. వరాలు ఒక్కతే వేరేగా ఉంది. ఆమె చెయ్యి రెండో మెట్టు దగ్గరే లేచింది. మూడో మెట్టులో లేచింది, నాలుగులో రెండుసార్లు లేచింది. ఆ సమయాల్లో దండపట్టీలో ఆమె గుండె అలాగే నింపాదిగా ఉంది.

మాస్టారు ఆ రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "మొహం కూడా నవ్వుతానే ఉంటదండి ఆయమ్మది," అన్నారు.

నాకు భయమేసింది.

నమోదు 13

సంఘానికి చెప్పేముందు వరాలుకి చెప్పడం ధర్మం. కూరగాయల గదికి వెళ్ళాను. బెండ మొక్కల మధ్య గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. చెప్పాను.

"చెయ్యి ఊపితే గుండె జబ్బా?" అంది.

"జబ్బని నేననలేదు. డాక్టరు ఇమ్మానుయేలు గారికి ఒకసారి చూపించుకో."

"చూశారుగా! పడుకోబెట్టి చూశారు, అంతా బాగుందన్నారు. నీ దండపట్టీయే నేను మొదటిదాన్నని చెప్పింది. నువ్వే వచ్చి చెప్పావు. ఇప్పుడు అది కాదు, ఇది అంటున్నావు. ఏం, నాకు నచ్చిన పట్టీ నీకు నచ్చకూడదా?"

"ఇంటి దగ్గర నిచ్చెన రెండు మెట్లు ఎక్కితే ఊపిరికి ఆగుతున్నావని సూరిబాబు అన్నాడు." సూరిబాబు ఆమె భర్త, నా మరిది. నిజానికి అతను అలా అనలేదు. "నన్నేం అడక్కు వదినా" అన్నాడు, నాకు అది చాలింది.

గొట్టం కింద పడేసింది. నీళ్ళు మా ఇద్దరి కాళ్ళ మీదుగా పోయాయి. ఎర్రమిట్టలో నీళ్ళు అలా వదిలెయ్యడం పెద్ద తప్పు. ఇద్దరం వంగలేదు.

"అక్కా, ఈ గదిలో గోడలు నన్ను నొక్కేస్తన్నాయి. నీకు సరుకుల గది సరిపోద్ది, నీకు పెట్టెలుంటే చాలు. నాకు చాలదు. బయట మిట్ట మీద నిలబడితే కనుచూపుమేర ఏమీ ఉండదు. అక్కడ నిలబడాలి నాకు. ఇంకో సీజను ఇక్కడే ఉంటే మొక్కలతో మాట్లాడతాను, ఆ తరవాత అవి నాతో మాట్లాడతాయి."

"బయట సూటులో పడిపోతే నిన్ను లోపలికి తెచ్చేలోపు అయిపోతుంది వరాలూ."

"పడిపోను."

"బయట ఒకే తాడుకి కట్టుకుని నీతోపాటు ఇంకో ఇద్దరుంటారు."

చివరికి గొట్టం తీసి, "పరీక్ష పెట్టు. అందరి ముందూ నీ కడియమే కట్టుకుంటాను. చెయ్యి లేవకపోతే జాబితాలో రాస్తావా?" అంది.

రాస్తానన్నాను.

నమోదు 15

పరీక్ష మధ్యాహ్నం పెట్టాం. డాక్టరు గారు, మాస్టారు, నేను. సూరిబాబు తలుపు దగ్గరే ఉండిపోయాడు.

వరాలు ముందుగానే వచ్చి యంత్రం మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టుని కడ్డీకి కలిపి లుంగీ పేలికతో కట్టుకుంది. బరువులెత్తేవాళ్ళు పట్టు జారకుండా అలా కట్టుకోవడం ఉన్నదే. పెద్ద మెట్లలో మాస్టారే కొందరికి కడతారు. డాక్టరు గారు అది చూసి ఏమీ అనుకోలేదు. "చెమటకి జారిపోతాందండీ," అని ఆమే చెప్పింది. నా వంక చూడలేదు.

ఒకటో మెట్టు, రెండో మెట్టు. మాస్టారు ఈసారి వెనకనించి అడక్కుండా పక్కకొచ్చి అడిగారు. "పెట్టండి," అంది. మూడో మెట్టులో ఆమె కుడిచేతి వేళ్ళు విచ్చుకున్నాయి. చెయ్యి కడ్డీ మీంచి లేవబోయి పేలిక దగ్గర ఆగింది. కట్టు బిగుసుకుని మణికట్టు తెల్లబడింది. నాలుగో మెట్టులో మళ్ళీ అలాగే అయింది. పేలిక లేకపోతే చెయ్యి నా మొహం దాకా వచ్చేదనిపించింది. ఆమె మాత్రం నవ్వుతూనే లాగింది. మొత్తం లాగింది.

కడియం మార్కులు చూపించింది. చెయ్యి లేవలేదని రాసింది, అది నిజమే. గుండె నింపాదిగా ఉందని రాసింది, అదీ నిజమే. పూర్తి మార్కులు.

డాక్టరు గారు కాగితం నా వైపు జరిపారు. చూసినవారి సంతకం నాది. "భలే లాగింది మీ తోడికోడలు. సంతకం పెట్టండి అమ్మాజీ గారూ, జాబితా సాయంత్రం అంటించేస్తాం," అన్నారు.

పట్టు కోసమే కట్టుకుందేమో అని నాకు నేను చెప్పుకోవడానికి వీలుంది. యంత్రమే ఒప్పుకుంది, నాదేం పోయింది? వరాలు పేలిక విప్పుకుంటోంది, ముడి రావడం లేదు. పళ్ళతో లాగుతోంది. ఇప్పుడు నా వంక చూసింది. చిన్నపిల్లలు బువ్వ పారబోసి దొరికిపోయినప్పుడు చూసినట్టు చూసింది. జ్వరంలో ఆమెకి గంజి తాగించింది నేనే. అప్పుడు కూడా అలా చూడలేదు.

"చెయ్యి లేవకుండా కట్టుకుంది డాక్టరు గారూ. మూడో మెట్టులోనే లేచింది. నేను చూశాను," అన్నాను.

మాస్టారు వచ్చి కత్తెరతో పేలిక కోశారు. వరాలు లేచి, సూరిబాబుని దాటుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది, ఊపిరి కోసం. అందరం చూశాం.

నమోదు 16

డాక్టరు గారు ఈసారి వైర్లు పెట్టి నడిపించి చూశారు. నడకకి గుండె వేగం పెరగాలి, ఆమెకి పెరగడం లేదు. జ్వరం దాన్ని దెబ్బతీసింది. పడుకుంటే మామూలుగా ఉంటుంది, పని పెడితే అందుకోలేదు.

"గుండె నింపాదిగా ఉందంటే బలమైనదన్నా కావాలి, పరిగెత్తలేనిదన్నా కావాలి. యంత్రానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎలా ఉందో ఆ మనిషి చెప్పాలి," అన్నారు.

"చెప్పింది కదండీ. పర్లేదంది."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాతో కూడా అదే అంది. నేనూ సరేనన్నాను," అన్నారు.

మందులున్నాయట. నయం కావచ్చు, కాకపోవచ్చు. ఈ సీజను మాత్రం బయటికి వీల్లేదు. వచ్చే సీజను సంగతి ఇప్పుడే చెప్పలేనన్నారు. జాబితా అంటించారు. ఆమె డ్రిల్లు ఇంకొకరికి ఇచ్చారు.

ఆర్డరు పంపేశాను. కడియం, అందరికీ. కుడిచేతికే కట్టుకోవాలి. చెయ్యి కదలిక నేర్పిన పాఠం జత చేశాను. పరీక్షలో చేతికి కట్లు ఉండకూడదని కింద రాశాను. దండపట్టీకంటే దీనికి తెలివి తక్కువ, తాడు దిగడం ఇప్పటికీ సరిగ్గా పోల్చుకోదు, అది కూడా దాచకుండా రాశాను. ఎందుకు ఎంచారన్న చోట, ఇక్కడివాళ్ళ నోటికంటే చెయ్యి నయం అని రాశాను. సంఘం వాళ్ళకి ఆ వాక్యం నచ్చలేదు. మార్చమన్నారు. మార్చలేదు.

నమోదు 19

బయటిపనివాళ్ళు పొద్దున వెళ్ళారు. సాగనంపడానికి ఎర్రమిట్ట అంతా తలుపు దగ్గరికి వచ్చింది. వరాలు రాలేదు. పరీక్ష రోజు నుంచీ నాతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే గోడ వైపు తిరిగి నడుస్తోంది. సూరిబాబు కూర గిన్నె తెచ్చి ఇస్తున్నాడు, గిన్నె తీసుకుపోతున్నాడు, అంతే. నేను చేసింది సరైనదే. అయినా నిన్న రెండుసార్లు ఏడ్చాను. సరైనది చేస్తే ఏడుపు రాదని ఎవరన్నారో తెలియదు.

మధ్యాహ్నం సబ్బులు పంచుతున్నాను. కిటికీ బయట జనం వరసగా నిలబడి ఉన్నారు. వెనక తలుపు తీసుకుని వరాలు లోపలికొచ్చింది. బియ్యం పెట్టె మీద కూర్చుంది. అంత దూరం నడిచినందుకే రొప్పుతోంది. ఈసారి దాన్ని దాచుకోవడం లేదు. నేను సబ్బులిస్తూనే ఉన్నాను. ఏం మాట్లాడాలో తెలియక, అందరినీ అడిగే మాటే అడిగాను.

"ఎలా ఉందే?"

ఆమె నోరు తెరిచింది. ఆ మాట పెదవుల దాకా వచ్చింది, నాకు కనిపించింది. మింగేసింది.

"బాలేదక్కా," అంది. "అస్సలు బాలేదు."

కిటికీ తలుపు దించేశాను. బయట వాళ్ళు కేకలేస్తున్నారు. వెళ్ళి ఆమె పక్కన, అదే పెట్టె మీద, చోటు చేసుకుని కూర్చున్నాను.